పదకొండు గీతల అద్దం

సోమవారం ఉదయం 5 గంటల 18 నిమిషాలకు కొబ్బరికాయ పడి నేను పగిలాను.

నేను ఒక కారు వెనక అద్దాన్ని. ఇప్పుడు అందులో ఒక ముక్కను మాత్రమే. బొటనవేలి గోరుకు రెండింతలు ఉంటాను. నా మీద తయారీ గుర్తులో సగం, ఒక గీత చివర, ఆ గీతకు కరెంటు అందించే రాగి రేకు ఉన్నాయి. టైము నాకెలా తెలుసని అడగవచ్చు. డ్యాష్‌బోర్డు మీది గడియారం నాకు ఎదురుగా ఉండేది. అది రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. కాయ పడినప్పుడు 5:20 చూపిస్తోంది.

నన్ను చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేశారు. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించి పలక పోశారు. పలకను కోసి, లోపలి వైపు వెండి కలిపిన ముద్దతో పదకొండు గీతలు అచ్చు వేశారు. తర్వాత ఆరువందల యాభై డిగ్రీల కొలిమిలోకి పంపి, వంచి, బయటికి రాగానే రెండు వైపులా గాలి కొట్టారు. అలా చల్లార్చినప్పుడు పై పొర బిగుసుకుంటుంది, లోపలి పొర దాన్ని లాగుతూ ఉండిపోతుంది. నా బలమంతా ఆ లాగుడే. ఒక చోట తెగితే అంతటా తెగేదీ దాని వల్లే.

ముందు అద్దం సంగతి వేరు. అది రెండు పలకలు, మధ్యన ప్లాస్టిక్ పొర. రాయి తగిలితే చిన్న నెర్రె పడుతుంది, అందులో జిగురు నింపి సరిచేస్తారు. నాకు సరిచేయడమన్నది లేదు. తీసి మరొకటి వేయడమే. వెనక అద్దం ఖర్చు గురించి అడిగేవాళ్లకు మెకానిక్కులు ముందు చెప్పేది ఈ మాటే.

నేను ఈ కారుతో పుట్టలేదు. కారు మొదటి యజమాని రాజమండ్రిలో ఒక డాక్టరు, కమలాకర్. ఆయన కొన్నది ఆ మోడల్లో తక్కువ రకం. దానికి సాదా అద్దం వచ్చింది. రెండో ఏడు క్రికెట్ బంతి తగిలి అది పోయింది. షెడ్డులో ఆయన్ని సాదాది వెయ్యమంటారా, గీతలున్నది వెయ్యమంటారా అని అడిగారు. గీతలున్నది పై రకానికి వచ్చేది. వానాకాలం అద్దం లోపల ఆవిరి పడితే స్విచ్చి నొక్కగానే గీతలు వేడెక్కి ఆవిరిని పోగొడతాయి. డాక్టరు గీతలున్నదే వెయ్యమన్నాడు. మెకానిక్ రెండు వైర్లు లాగి, స్టీరింగు పక్కన ఒక స్విచ్చి బిగించాడు. ఆర్.సి. పుస్తకంలో మాత్రం కారు తక్కువ రకంగానే ఉండిపోయింది. అది మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

నాలుగేళ్ల కిందట కారును పొలమూరి దావీదు కొన్నాడు. అమలాపురంలో టాక్సీ నడుపుతాడు. కొన్న రోజే, నా లోపలి వైపు అంటించి ఉన్న డాక్టరు స్టిక్కరును బ్లేడుతో గీకాడు. స్టిక్కరుతో పాటు ఏడో గీత తెగింది. ఆ తర్వాత స్విచ్చి నొక్కితే నా మధ్యలో రెండు వేళ్ల వెడల్పు పట్టీ మాత్రం మసకగా మిగిలేది. దావీదు అది అద్దంలో లోపం అనుకున్నాడు. ఎవరితోనైనా అదే చెప్పేవాడు.

గీతలు దావీదుకు ఎందుకు అవసరమో చెప్పాలి.

మొల్లేటిపాలెం లాకుల దగ్గర గుత్తుల పల్లాలరావు ఇల్లు ఉంది. ఆయన లాకుల మీద ముప్పై ఒక్కేళ్లు షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. షుగరు. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. సోమ, బుధ, శనివారాల్లో కాకినాడలో డయాలసిస్. ఎనిమిదింటికి మంచం మీద లేకపోతే ఆ మంచం వేరే వాళ్లకు వెళ్తుంది. జూన్‌లో ఒకసారి అలా తప్పింది. మూడో రోజుకు ఊపిరి అందక ఆయన్ని ఆక్సిజన్ మీద పెట్టారు. అప్పటి నుంచి దావీదు ఐదుంబావుకు ఇంటి ముందు ఉంటాడు.

ఇల్లు కాలవ గట్టు చివర. తారు రోడ్డు నుంచి ఇంటికి నూట నలభై మీటర్లు. గట్టు వెడల్పు కారుకు అటు ఒక జాన, ఇటు ఒక జాన మిగిలేంత. ఎడమ చేను, కుడి కాలవ. చివర తిప్పుకోవడానికి చోటు లేదు. నేరుగా వెళ్లి, రోగిని ఎక్కించుకుని, వెనక్కి రావాలి. మధ్యలో ఒక వంపు ఉంది. వానరోజున ఇద్దరి ఊపిరికి నా మీద ఆవిరి పడుతుంది. దావీదు స్విచ్చి నొక్కి పల్లాలరావు కోసం లోపలికి వెళ్లేవాడు. ఆయన్ని నడిపించుకొచ్చి కూర్చోబెట్టేసరికి నేను సిద్ధంగా ఉండేదాన్ని, మధ్యలో ఆ పట్టీ తప్ప.

ఆ సోమవారం కారు ఎప్పటి చోటనే ఆగింది. ఇంటి ముందున్న కొబ్బరిచెట్టు కింద.

కాయ పడిన చప్పుడుకు పల్లాలరావు భార్య వీరవేణి బయటికొచ్చింది. దావీదు అప్పటికే పల్లాలరావును భుజం మీద ఆనించుకుని అరుగు దింపుతున్నాడు.

"ఆగండి. అక్కడే ఆగండి," అంది. "దావీదూ, ఆయన్ని కదపకు. గాజుపెంకులు."

"టైమవుతుందండి అమ్మగారూ."

"అవనీ. ఈయన కాళ్లకి తెలీదు. ముల్లు దిగితే రెండు వేళ్లు తీసేసేరు, మర్చిపోయేవా?"

పల్లాలరావు ఎడమ పాదానికి మూడు వేళ్లే ఉన్నాయి. ఆయన అరుగు మీద నిలబడే అన్నాడు. "ఆ చెట్టు నువ్వేసిందే. నే జామ వేద్దామన్నాను."

వీరవేణి లోపలికి వెళ్లింది. చీపురు, చేట, తడిగుడ్డ తెచ్చింది. సీటు దులిపింది. సీటు వెనక చెక్క తుడిచింది. చాపలు తీసి విదిలించి మళ్లీ వేసింది. చట్రానికి అంటుకుని మిగిలిన ముక్కలు భర్త తల దగ్గరగా ఉంటాయని, చేతికి తువ్వాలు చుట్టుకుని ఒక్కొక్కటే పీకింది. నల్ల జిగురు మాత్రం మిగిలింది. అంతా తట్టకెత్తి, లాకుల వంతెన మధ్యకి నడిచి కాలవలో పోసింది. గాజు ముక్కను మనిషి కాలు పడని చోట వెయ్యాలని ఆమె చిన్నప్పుడు నేర్చుకుంది. తిరిగొచ్చి, కారు వెనక నేల మీద నీళ్లు చల్లి ముగ్గు పెట్టింది. దీనికంతటికీ పన్నెండు నిమిషాలు పట్టింది.

అంత శ్రద్ధగా తుడిచిన మనిషిని నేను చూడలేదు. నేను మాత్రం ఆమెకు దొరకలేదు. సీటు వెనక చెక్కకు, పాత స్పీకరు తీసేసిన చోట, ఒక రంధ్రం ఉంది. నేను అందులోంచి డిక్కీలోకి పడి, చాప అంచు పక్కనుంచి జారి స్టెప్నీ చక్రం ఉండే గుంటలో ఆగాను. ఇక్కణ్నుంచి నాకు గడియారం కనిపించదు. ఇక మీదట చెప్పేవి చాలావరకు విన్నవి.

ఆ రోజు వెనక ప్లాస్టిక్ పట్టా కట్టి కాకినాడ వెళ్లారు. రావులపాలెం దాటాక వాన పట్టుకుంది. పట్టా ఒక మూల ఊడింది. పల్లాలరావు తడిశాడు. మంచం మీద చలితో వణికాడని, నర్సు దావీదును తిట్టిందని తిరుగు ప్రయాణంలో విన్నాను.

కారుకు పూర్తి బీమా ఉంది. దావీదు ఫోన్ చేస్తే సర్వేయరు తటవర్తి ఫణికుమార్ నాలుగు దాటాక మొల్లేటిపాలెం వచ్చాడు. పగిలిన చోటే చూస్తానన్నాడు. డిక్కీ తెరిచారు. వీరవేణి ఆయనకు అరుగు మీద కుర్చీ వేసి, దిబ్బరొట్టె, పచ్చడి పెట్టింది. ఆయన వద్దన్నాడు. తర్వాత తిన్నాడు.

"అద్దం ముక్కలేవండీ?" అన్నాడు.

"కాలవలో ఉన్నాయండి," అన్నాడు దావీదు.

"కాలవలో ఎందుకున్నాయండి?"

"నేనే పోసేనండి," అంది వీరవేణి. "ఎవరి కాల్లోనైనా దిగుతాయని."

"పొయ్యకముందు ఫొటో ఏమన్నా?"

"లేదండి," అన్నాడు దావీదు. "రెండు చేతులా లస్కరుగార్ని పట్టుకునున్నానండి."

"సరే. కొబ్బరికాయుందా?"



"మీ ప్లేటులో ఉందండి," అంది వీరవేణి.

"దాని పీచైనా..."

"పొయ్యిలో పెట్టేనండి. ఆ రొట్టె దాని మీదే కాలింది."

లోపలి మంచం మీంచి పల్లాలరావు అన్నాడు. "ఉన్న సాక్ష్యం కాస్తా మీరే తినేసేరు బాబూ."

ఫణికుమార్ నవ్వాడు. పచ్చడి మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని కారు దగ్గరికొచ్చాడు. ఆయన కోపిష్టి కాదు. మాట మెత్తగానే ఉంది.

"కాయ పడిందని నమ్ముతున్నానండి. డిక్కీ మూత మీద సొట్ట ఉంది. అద్దం పోయిందనీ రాస్తాను. ఏ అద్దం అన్నదే చిక్కు. మీ ఆర్.సి. ప్రకారం ఈ బండికి సాదాది. అది మూడువేల ఆరొందలు. గీతలున్నది ఎనిమిదివేల తొమ్మిదొందలు. నేను రాసేది కాగితంలో ఉన్నదానికే."

"గీతలుండేవండి. పదకొండు. వైర్లు చూడండి."

"చూసేనండి. వైర్లు ఎవరైనా లాగించుకుంటారు. గీత ఉన్న ముక్క ఒక్కటి చూపించండి. గోరంత చాలు. ఇప్పుడే మార్చి రాస్తాను."

ఈ మాట అంటున్నప్పుడు ఆయన డిక్కీలోకి వంగి ఉన్నాడు. చెయ్యి చాప మీద ఆనించాడు. ఆ చాప కింద చెక్క, చెక్క కింద స్టెప్నీ, దాని పక్కన నేను. జానెడు లోతు. గీత నా మీద ఉంది. రాగి రేకు ఉంది. గుర్తులో సగం ఉంది. చాప ఎత్తితే చాలు.

"ఇక్కడేమన్నా పడి ఉంటాయేమో," అన్నాడు.

"ఉండవు బాబూ," అంది వీరవేణి. "అంతా తుడిచేను. ఇసక రవ్వంత కూడా వదల్లేదు."

ఆయన చాపను ఫొటో తీసుకున్నాడు. డిక్కీ మూసేశారు.

ఆయన వెళ్లాక వీరవేణి తట్ట పట్టుకుని కాలవలోకి దిగింది. నీరు నడుము దాకా ఉందని దావీదు అరవడం విన్నాను. ఒక గంట దేవింది. నత్తగుల్లలు, ఒక సీసా మూత దొరికాయి. పైకొచ్చి భర్తను అడిగింది.

"కొత్త లస్కరుకి ఫోన్ చెయ్యండి. ఒక్క గంట షట్టరు దించమనండి. నీళ్లు తగ్గితే కనపడతాయి."

"కింద ఆరొందల ఎకరాల నాట్లున్నాయి."

"గంటేగా."

"ముప్పై ఒక్కేళ్లలో మా బావమరిది చేపల చెరువు కోసం కూడా దించలేదు. నా కోసం దించమంటానేటి?"

"మీ కోసం కాదు. దావీదు కోసం."

 "దించినా దొరకవే," అన్నాడు పల్లాలరావు. "కొత్త నీరు. పొద్దుటికే అరడుగు ఒండ్రు కప్పేసుంటది."

మంగళవారం కారు అమలాపురంలో అద్దాల షాపుకు వెళ్లింది. షాపు కరీముల్లాది. చట్రం చుట్టూ వేలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఎవరు పీకేరు? ఇంత శుభ్రంగా నేను కూడా తియ్యను."

"ఒక అమ్మగారు."

"మా షాపుకి పంపండి, జీతమిస్తాను." కరీముల్లా వైర్లు లాగి చూశాడు. "గీతలదే ఉండేది కదా. అదే వేద్దామా?"

"ఎంతవుతుందండి?"

"అద్దానికి ఒకటే రేటు అనుకుంటారు అందరూ. కంపెనీ గుర్తున్నది ఒక రేటు, గుర్తు లేనిది ఒక రేటు. గీతలుంటే ఇంకోటి. గీతల్లోనే రేడియో ఏరియల్ కలిపి వస్తుంది కొన్నిటికి, మీకది లేదు, బతికిపోయేరు. మీ మోడలు ఆపేసి మూడేళ్లయింది. నా దగ్గరుండదు, విజయవాడ నుంచి రావాలి. లారీ వాడు నిలబెట్టి తేవాలి. పడుకోబెడితే పగిలొస్తది, ఆ నష్టం కూడా వేసుకునే రేటు చెప్తారు."

"ఎప్పటికొస్తుంది?"

"శుక్రవారం. పగిలొస్తే మళ్లీ సోమవారం."

"తుక్కులో పాతది దొరకదా?"

"దొరుకుతుంది. తీసేటప్పుడు సగం పగుల్తాయి. మిగతా సగం మీకు అమర్చేటప్పుడు పగుల్తాయి. సాదాదైతే ఇదిగో, గోడకుంది. ఇప్పుడే వేసేస్తాను."

"రేపు పొద్దున్న ఐదుంబావుకి నాకు బండి కావాలండి."

"పట్టా కట్టుకు తిరగండి నాలుగు రోజులు. తర్వాత గీతలది వేస్తాను."

"నిన్న కట్టేనండి. ఆయన తడిసేడు."

 సాదా అద్దం గోడ మీంచి తీశారు. దావీదు జిగురు దగ్గర మాత్రం ఖరీదైనదే వెయ్యమన్నాడు. తక్కువ రకం మర్నాటికి గానీ పట్టదు, ఇది ఆరు గంటల్లో పడుతుంది. అద్దం, జిగురు, కూలి కలిపి ఐదువేల మూడువందల యాభై అయింది. వైర్ల చివరలు రెండూ టేపు చుట్టి లోపలికి దోపారు.

"ఒక కిటికీ అంగుళం దించి ఉంచండి," అన్నాడు కరీముల్లా. "రేపటి దాకా తలుపు దబాల్న వెయ్యకండి. లోపల గాలికి పోవడానికి దారుండదు, అద్దాన్ని తోసేస్తది."

తర్వాత గాలి గొట్టం తెచ్చి సీట్ల సందుల్లో కొట్టాడు. డిక్కీ తెరిచాడు. వెలుగు చాప అంచు నుంచి నా దాకా వచ్చింది.

"చాప తీసి ఇక్కడ కూడా కొట్టమంటారా?"

"వద్దండి," అన్నాడు దావీదు. "అమ్మగారు తుడిచేసేరు."

డిక్కీ మూసుకుంది.

బుధవారం వాన. కారు గట్టు మీదికి వెళ్లి, చెట్టుకు నాలుగు అడుగులు ఇవతల ఆగింది. స్విచ్చి నొక్కిన చప్పుడు విన్నాను. అలవాటు మీద నొక్కి ఉంటాడు. కరెంటు వైర్లలో టేపు దాకా వచ్చి ఉంటుంది. పల్లాలరావు వెనక సీట్లో కూర్చున్నాడు. తలుపు వేశారు, మెల్లగా. కారు వెనక్కి కదిలి, మూడు మీటర్లు పోకుండానే ఆగింది.

"ఏటి, ఆగేవ్?" అన్నాడు పల్లాలరావు.

"వెనక కనపట్టం లేదండి."

"గుడ్డతో తుడూ."

దావీదు దిగి, వెనక తలుపు తీసి తుడిచాడు. స్టీరింగు దగ్గరికి వెళ్లేలోగా మళ్లీ ఆవిరి పట్టిందన్నాడు. కిటికీ దించి తల బయట పెట్టాడు. కాలవ వైపు అంచు కనిపిస్తోంది, చేను వైపు కనపడటం లేదన్నాడు. పక్క అద్దం నిండా చినుకులన్నాడు.

"టైమెంతయింది?" అన్నాడు పల్లాలరావు.

"ఐదు నలభై ఏడండి."

"అయితే నలభై ఐదు. ఆ గడియారం నాకు తెలుసు."

గేటు గొళ్లెం పడింది. చెప్పుల చప్పుడు కారు పక్కనుంచి వెనక్కి వచ్చి, నాకు దగ్గరగా ఆగింది. గొడుగు మీద వాన శబ్దం వేరుగా వినిపిస్తుంది.

"దావీదూ," అంది వీరవేణి. "నేను వెనక నడుస్తాను. డిక్కీ మీద చరిస్తే రా. చరవకపోతే ఆగిపో."

"జారతారండి అమ్మగారూ. వంపు దగ్గర అంతా బురద."

"ఈ గట్టు మీద ముప్పై ఏళ్ల నుంచి నడుస్తున్నాను. నువ్వు కాలవ చూసుకో, నేను చేను చూసుకుంటాను."

"ఏమే, పడితే నిన్ను తీసేవాళ్లుండరు," అన్నాడు పల్లాలరావు.

"పడితే చరవను. ఆగిపోతారు."

డిక్కీ మూత మీద ఒక దెబ్బ పడింది. నేను గుంటలో అదిరాను. కారు కదిలింది. కొంత దూరం పోయి ఆగింది. మళ్లీ దెబ్బ. మళ్లీ కదిలింది. ఐదో దెబ్బ తర్వాత ఆరోది చాలాసేపు రాలేదు. కారు ఆగే ఉంది.

"వేణీ," అన్నాడు పల్లాలరావు.

"ఉన్నాను. చెప్పు దిగబడింది."

ఆరో దెబ్బ పడింది. వంపు దగ్గర కారు మూడుసార్లు ఆగింది. చక్రాల కింద మట్టి పోయి తారు వచ్చాక శబ్దం మారింది. దెబ్బలు మొత్తం పద్నాలుగు.

కాకినాడ చేరినప్పుడు గడియారం 7:54 చూపిస్తోందని దావీదు అన్నాడు. అంటే 7:52.

గీతలద్దం కోసం దావీదు ఎవరికీ ఫోన్ చేయలేదు. సర్వేయరు కాగితం శుక్రవారం వచ్చింది. అందులో సాదా అద్దం అని ఉంది.

శనివారం వాన లేదు. అయినా చెప్పుల చప్పుడు కారు వెనక్కి వచ్చింది. దెబ్బలు పద్నాలుగు.